జబ్బును ముందే పసిగట్టే లెక్క

2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైంది. నెలకు రెండుసార్లు డాక్టరే 104 బండితో ఊరికి రావాలన్నది దాని నియమం. చూసిన వివరాలను చీటీ మీద రాసి వదిలేయకుండా, రోగి ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు కింద కంప్యూటర్లోకి ఎక్కించాలి. డాక్టరు రాక గురించి అందరూ మాట్లాడుకున్నారు. నా దృష్టిలో ఆ రికార్డు కూడా అంతే ముఖ్యం.

చీటీ మీది బీపీ ఆ పూట మందు రాయడానికే పనికొస్తుంది. అదే కొలత పక్కన వయసు, షుగరు, పొగతాగే అలవాటు వంటివి కూడా నమోదైతే, రాబోయే పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే ముప్పు ఎంతో లెక్కగట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇందుకోసం ప్రాంతాలవారీగా పట్టికలు తయారుచేసింది. ఎంతోమంది ఆరోగ్య చరిత్రను ఏళ్ల తరబడి గమనించి, ఏ లక్షణం ముప్పును ఎంత పెంచుతుందో తేల్చడమే ఈ లెక్కకు మూలం. ఫలానా మనిషికి గుండెపోటు వస్తుందని అది చెప్పదు. అలాంటివాళ్లు వందమంది ఉంటే ఎందరికి రావచ్చో చెబుతుంది.

దీన్ని మన పల్లెల్లోనే పరీక్షించి చూశారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 ఊళ్లలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చారు. ఆశాలు 40 ఏళ్లు దాటినవారి బీపీ కొలిచి వివరాలు నింపితే, ట్యాబ్ ముప్పు ఎంతో లెక్కగట్టి, డాక్టరు దగ్గరికి ఎవరిని పంపాలో చూపింది. 2019లో ఫలితాలు వచ్చాయి. ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో బీపీ అదుపులోకి వచ్చినవారి శాతం, ఈ ఏర్పాటు ఉన్నప్పుడూ లేనప్పుడూ దాదాపు ఒకటే! పరిశోధకులు దాన్ని దాచకుండా ప్రచురించారు. ముప్పును గుర్తించడం ఒక పని. మందు దొరకడం, దాన్ని రోజూ మానకుండా వేసుకోవడం వేరే పని. రెండోది ట్యాబ్ చేయలేదు.

ఇంకో చిక్కు ఉంది, ఇది మరీ లోతైనది. అమెరికా ఆసుపత్రుల్లో వాడిన ఒక లెక్కను ఒబర్‌మేయర్ అనే పరిశోధకుడి బృందం పరిశీలించి, 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. ఎవరికి అదనపు వైద్యం కావాలో చెప్పాల్సిన ఆ లెక్క, జబ్బు తీవ్రతకు బదులు వైద్యానికి అయ్యే ఖర్చును అంచనా వేసింది. నల్లజాతివారికి అదే జబ్బున్నా వారి మీద ఖర్చు తక్కువ. దాంతో వాళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు చూపింది. తప్పు సరిదిద్దితే అదనపు సాయం అందేవారిలో వాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది.

ఇలాంటి తప్పు మన దగ్గరా జరగవచ్చు. మాచర్ల, వెల్దుర్తి వైపు తండాలను తలచుకోండి. చార్జీలకు డబ్బుల్లేక ఆసుపత్రికి పోని మనిషి రికార్డు ఖాళీగా ఉంటుంది. మిరపకోతలకు వలస వచ్చిన కూలీల రికార్డు సొంతూళ్లోనే ఆగిపోతుంది. కంప్యూటర్‌కు ఆ ఖాళీ ఆరోగ్యంలాగే కనిపిస్తుంది. అందుకే పట్నం ఆసుపత్రుల రికార్డులతో తయారైన లెక్కను గురజాల పల్లెల మీద యథాతథంగా రుద్దకూడదు. ముందుగా ఇక్కడి రికార్డులతో సరిచూడాలి. తండాల్లో, వలస కూలీల్లో అది ఎంత తప్పుతోందో విడిగా లెక్కతీసి బయటపెట్టాలి.

104 బండి ఊళ్లోకి వచ్చినప్పుడు ఒంట్లో బాగున్నా సరే వెళ్లి బీపీ, షుగరు చూపించుకోండి. ఆ అంకెలు మీ నంబరు కింద ఎక్కాయో లేదో అక్కడే అడగండి. బండి దాకా నడవలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల పేరు ఆశాకు చెప్పండి.