ట్రావెల్ ఈ-సిమ్ కొంటున్నారా? జీబీల కంటే ముందు ఓటీపీ సంగతి చూసుకోండి

మొదటిసారి ఆఫీసు పని మీద జర్మనీ వెళ్లినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో లోకల్ ప్రీపెయిడ్ సిమ్ కొన్నాను. అక్కడ 2017 నుంచి ఐడీ వెరిఫికేషన్ లేకుండా ప్రీపెయిడ్ సిమ్ యాక్టివేట్ చేయరు. పాస్‌పోర్టు పట్టుకుని క్యూలో నిలబడి, చివరికి సిమ్ వేసుకుని, మన ఇండియా సిమ్ తీసి పర్సులో పెట్టేశా. తప్పు అక్కడే జరిగింది.

మూడో రోజు సోమందేపల్లె నుంచి అమ్మ వాట్సాప్ కాల్. "యాడుండావు రా? నాయనకు ఎదలో నొప్పంటే హిందూపురం తీసుకొచ్చినాం. అడ్వాన్సు కట్టమంటాండారు."

బ్యాంకు యాప్ తెరిచి అమౌంట్ కొట్టా. ఓటీపీ పోయేది పర్సులో ఉన్న సిమ్‌కి! రిసెప్షన్‌లో పిన్ను అడిగి సిమ్ మార్చా. నెట్‌వర్క్ రాలేదు, ఎందుకంటే ఇంటర్నేషనల్ రోమింగ్ నేను ఆన్ చేసుకోలేదు. చివరికి మా వీధిలో ఎరువుల అంగడి మామ క్యాష్ తీసుకుని బండి మీద హిందూపురం పోయి కట్టినాడు. నాయనకు స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగున్నాడు. కానీ ఆ నలభై నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే.

మళ్లీ జర్మనీ ట్రిప్ పడింది. ఈసారి ఇండియా సిమ్ స్లాట్‌లోంచి కదల్లేదు, డేటా కోసం ట్రావెల్ ఈ-సిమ్ వేసుకున్నా.

ముందు మీ ఫోన్‌లో ఈ-సిమ్ ఉందో లేదో చూడండి. *#06# కొడితే ఐఎంఈఐతో పాటు ఈఐడీ అని పొడుగాటి నంబర్ కనిపించాలి. ఐఫోన్‌లలో 2018 నాటి ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నుంచి ఉంది. చైనాలో అమ్మే ఐఫోన్‌లు చాలావాటిలో ఉండదు. మన దగ్గర పది, పదిహేను వేల ఫోన్లలో చాలావాటిలోనూ ఉండదు. ఇంకో చిక్కు: అమెరికా నుంచి బావ తెచ్చిన ఐఫోన్ అక్కడి నెట్‌వర్క్‌కి లాక్ అయి ఉంటే, ఈ-సిమ్ ఉన్నా వేరే కంపెనీది పని చేయదు. కొనకముందే లాక్ సంగతి సెట్టింగ్స్‌లో చూసుకోండి.

ఎక్కడ కొనాలి అన్నది మనకు ప్రత్యేకమైన తలనొప్పి. 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను ఆపిల్, గూగుల్ ఇండియా స్టోర్ల నుంచి తీసేశాయి. విదేశీ సిమ్‌లు ఇక్కడ అమ్మాలంటే టెలికాం శాఖ నుంచి ఎన్‌వోసీ ఉండాలి, వాటికి అది లేదన్నది కారణం. కాబట్టి యూట్యూబ్ రివ్యూలో చూసిన పేరు వెంటనే పట్టుకోకుండా, ఇక్కడ అమ్మడానికి అనుమతి ఉందా అని అడగండి. నేను కొన్నచోట పాస్‌పోర్టు, వీసా కాపీలు తీసుకున్నారు. విసుగే, కానీ నాకు అది మంచి గుర్తుగా అనిపించింది.

ప్యాక్ పేజీలో "అన్‌లిమిటెడ్" కనపడగానే కళ్లు మెరుస్తాయి. కింద చిన్న అక్షరాల్లో ఫెయిర్ యూసేజ్ ఉంటుంది: రోజుకు ఇంత దాటితే స్పీడ్ పడిపోతుంది, హాట్‌స్పాట్ ఉండదు, ఇలా. పదిహేను రోజుల్లో నాకు 7 జీబీ కూడా కాలేదు, హోటల్ వైఫై ఉంది కదా. ఇన్ని జీబీలు అని తేల్చి చెప్పే ప్యాకే నాకు నచ్చింది. "యూరప్" ప్యాక్ అయితే దేశాల జాబితా చదవండి. స్విట్జర్లాండ్ ఈయూలో లేదు, బ్రిటన్ కూడా లేదు. జ్యూరిక్ పక్కనే కదా అని రైలెక్కితే బోర్డర్ దాటగానే డేటా ఆగిపోవచ్చు. వ్యాలిడిటీ ఇన్‌స్టాల్ చేసిన క్షణం నుంచా, అక్కడ నెట్‌వర్క్ దొరికాకా అన్నది కూడా కంపెనీని బట్టి మారుతుంది.

ఈ ప్యాకులు చాలావరకు డేటా మాత్రమే, ఫోన్ నంబర్ రాదు. వాట్సాప్ "నంబర్ మార్చాలా?" అంటే వద్దని నొక్కండి, పాత నంబర్‌తోనే నడుస్తుంది. డేటా కూడా ఒక్కోసారి వేరే దేశం సర్వర్ల మీదుగా తిరిగి వస్తుంది, అందుకే మా ఆఫీసు వీపీఎన్ కొంచెం నెమ్మదించింది. వీడియో కాల్‌కి మాత్రం తేడా తెలియలేదు.

నా సెటప్ ఇది. ఇండియా సిమ్ ఆన్, దాని డేటా రోమింగ్ ఆఫ్, మొబైల్ డేటా ఈ-సిమ్‌కి, ఆటోమేటిక్ డేటా స్విచింగ్ ఆఫ్. బయల్దేరే ముందే ఆపరేటర్ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ చేశా, రీచార్జ్ గడువు తిరిగొచ్చేదాకా ఉండేలా చూసుకున్నా. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కి సాధారణంగా చార్జీ ఉండదు. కాల్ ఎత్తితే మాత్రం బాదుడే, అందుకే ఇంట్లో అందరికీ వాట్సాప్‌కే చేయమని చెప్పా.

ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చేయడానికి నెట్ కావాలి. అందుకే ముందురోజు రాత్రి ఇంట్లోనే లాప్‌టాప్ మీద క్యూఆర్ తెరిచి ఫోన్‌తో స్కాన్ చేసేశా. ఆ క్యూఆర్ చాలాసార్లు ఒక్కసారికే పనిచేస్తుంది, పొరపాటున కూడా ప్రొఫైల్ డిలీట్ చేయకండి. పొద్దున్నే హైవే ఎక్కి దేవనహళ్లి చేరేసరికి సిమ్ గురించి చూసుకోవాల్సింది ఏమీ మిగల్లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగగానే ఈ-సిమ్ ఆన్ చేసి, అమ్మ ఖాతాకి పది రూపాయలు పంపా. ఓటీపీ వచ్చింది. రెండు నిమిషాలకు అమ్మ వాయిస్ మెసేజ్ కూడా వచ్చింది: "యాల రా పది రూపాయలు ఏసినావు?"