'కరువు'నకు ఆంగ్లపదము: పర్యాయముల వివేచనము

పర్యాయపదములన్నియు ఒకే యర్థమును ఒకే కొలతతో చెప్పవు. ఆంగ్లమున 'డ్రౌట్', 'స్కేర్సిటీ', 'ఫామిన్' అను మూడు మాటలకును రాయలసీమవాసి నోట వెలువడు మాట ఒక్కటే: కరువు. పులివెందుల ప్రాంతమున వానలు లేక వేరుశనగ యెండినను కరువే. ప్రొద్దుటూరి అంగటిలో గింజలు దొరకకున్నను కరువే. జనులు ఆకటితో మడిసినను కరువే. ఈ వైశాల్యము తెలుగు మాటకు సహజము. కాని దానిని ఆంగ్లమున వ్రాయవలసి వచ్చినపుడు మూడింటిలో నొకదానిని ఎన్నుకొనక తప్పదు. ఆ యెన్నికలోని పొరపాటు కేవల భాషాదోషముగా మిగులదు.

'డ్రౌట్' పొడిదనమును తెలుపు ప్రాచీనాంగ్ల పదము. దీనికి సరియైన సంస్కృతశబ్దము అనావృష్టి. ఇది ఆకాశమును గూర్చియు నేలను గూర్చియు చెప్పునే కాని మనుష్యుని కడుపును గూర్చి చెప్పదు. పులివెందుల వైపు బోరుబావులు అడుగంటి చీనీతోటలు మాడిన యేట, తుంగభద్ర నీరు అందెనేని, ప్రొద్దుటూరి వైపు కె.సి. కాలువ క్రింద వరి పండవచ్చును. అట్టి యేట డ్రౌట్ కలదు, ధాన్యమునకు స్కేర్సిటీ లేదు.

'స్కేర్సిటీ' యనగా కొరత. ఏ వస్తువునకు కొరత యనునది తోడుగా చెప్పిననే ఈ మాట నిలుచును. జమ్మలమడుగు చెంత పెన్న ఇసుకమేటయై మిగిలిన వేసవిలో త్రాగునీటికి స్కేర్సిటీ, పశుగ్రాసమునకు స్కేర్సిటీ యనుట యుక్తము. దీనికి దగ్గరి చుట్టము 'డెర్త్'. వెల హెచ్చినది యను అర్థముగల 'డియర్' నుండి పుట్టినది. తెలుగున 'ప్రియము' అను మాటకును ఇష్టము, అధికమైన వెల అను రెండర్థములు ఉండుట ముచ్చటగొలుపు పోలిక.

'ఫామిన్' లాటిను భాషలో ఆకలిని తెలుపు శబ్దమునుండి వచ్చినది. భిక్షయు దొరకని స్థితి దుర్భిక్షము. కృశించుటను తెలుపు శబ్దము క్షామము. ఈ రెండును ఫామినునకు సాటివచ్చును, అనావృష్టి సాటిరాదు.

ఈ భేదము ప్రాణములతో ముడిపడిన ఘట్టమొకటి చరిత్రలో కలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగియై కడపకు వచ్చి, తెలుగు కావ్యపఠనమునకు పూనుకొని, పండితులను పోషించి ప్రతులను సంస్కరింపజేసెను. 1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను ఘోరమైన కరువు పీడించినపుడు అతడు అచట అధికారిగా నుండెను. తక్కిన అధికారులు 'స్కేర్సిటీ' యని వ్రాయుచుండగా బ్రౌన్ 'ఫామిన్' అను మాటనే వాడి మద్రాసునకు వార్త పంపెను. సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నర మంది మరణించినట్లు అంచనా. స్కేర్సిటీ యని వ్రాసినవాడు ధరల పట్టికను చూచి ఊరకుండవచ్చును. ఫామిన్ అని వ్రాసినవానికి గంజి పోయించు భారము, శిస్తు విషయమున జవాబు చెప్పు భారము మీదబడును. 1852లో వెలువడిన తెలుగు-ఆంగ్ల నిఘంటువును కూర్చిన చేయి అంతకు రెండు దశాబ్దుల ముందే పదముల తూకమును ఇట్లు ఎరిగినదనుట అతిశయోక్తి కాదు.

1876-78 నాటి క్షామము కడప మండలమును గూడ కుదిపివేసెను. జనులు దానిని ధాత కరువనిరి. 1880 నాటి క్షామ సంఘపు నివేదిక పిదప ఏర్పడిన నిబంధనావళులు స్కేర్సిటీని ఫామినునుండి వేరుపరచినవి.

నేడు ప్రభుత్వము ప్రకటించు 'కరువు మండలము'లకు ఆంగ్లమున డ్రౌట్ అను మాటయే చెల్లును. విద్యార్థి నిఘంటువులో మొదట కనబడిన ఫామిన్ శబ్దమును తగిలించినచో, పంట నష్టము ఆకలిచావుగా మారిపోవును. దీనికి విలోమమైన దోషము మరింత బరువైనది. ధాత కరువును గూర్చిన పల్లెపాటను అనువదించువాడు డ్రౌట్ అని వ్రాసెనేని, వాన లేకుండుట మాత్రమే మిగిలి, ఆ యేట చచ్చినవారు పాటనుండి తొలగిపోవుదురు.