మన హైదరాబాదు పిల్ల సానియా

ఎల్.బి.నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. మన ప్రధాన మంత్రిగా పనిచేసిన లాల్ బహదూర్ శాస్త్రి పేరు అది. ఆయన పేరుతోనే నగరం నడుమ ఎల్.బి. స్టేడియం ఉంది. ఎల్.బి.నగర్‌లోగానీ దిల్‌సుఖ్‌నగర్‌లోగానీ మెట్రో రైలు ఎక్కి, అసెంబ్లీ దగ్గర దిగితే అక్కడికి నడిచి పోవచ్చు.

2023 మార్చి 5న ఆ స్టేడియానికి చాలా మంది వచ్చారు. ఒక ఆడమనిషి సొంత ఊళ్లో ఆఖరి ఆట ఆడుతుంటే చూడడానికి వచ్చారు. ఆమె పేరు సానియా మీర్జా.

సానియా 1986లో ముంబయిలో పుట్టింది. పెరిగింది హైదరాబాదులో. ఆరేళ్లప్పుడు తల్లి నసీమా ఆమెను టెన్నిస్ నేర్పే చోటికి తీసుకుపోయింది. పిల్ల మరీ చిన్నదని నేర్పే ఆయన ఒప్పుకోలేదు. తల్లి పట్టు వదల్లేదు. తరువాత తండ్రి ఇమ్రాన్ కూడా దగ్గరుండి నేర్పాడు. ఆ రోజుల్లో పేడతో అలికిన కోర్టుల మీద కూడా ఆమె ఆడింది.

టెన్నిస్ ఎట్లా ఆడతారు? నడుమ వల కడతారు. అటొకరు, ఇటొకరు నిలబడి బ్యాటుతో బంతి కొడతారు. ఇద్దరేసి జంటగా కూడా ఆడతారు.

ఎండలో ఆడితే పిల్ల నల్లబడుతుంది, పెళ్లెట్లా అవుతుందని కొందరన్నారు. ఆమె వేసుకునే బట్టల గురించి కూడా మాట్లాడారు. సానియా ఆట ఆపలేదు.

2005లో హైదరాబాదులోనే పెద్ద పోటీ గెలిచింది. ఆ స్థాయి పోటీ గెలిచిన తొలి భారత మహిళ ఆమే. 2007లో ఒంటరి ఆటలో ప్రపంచంలో 27వ స్థానానికి చేరింది.

2008లో కుడి మణికట్టు దెబ్బతిన్నది. తల కూడా దువ్వుకోలేకపోయింది. ఆపరేషను అయింది. అయినా మళ్లీ బ్యాటు పట్టింది. 2009లో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియాలో గెలిచింది. తరువాత ఒంటరి ఆట మానుకొని, జంట ఆట మీదే మనసు పెట్టింది.

టెన్నిస్‌లో ఏడాదికి నాలుగు పెద్ద పోటీలు జరుగుతాయి. ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, ఇంగ్లండు, అమెరికా దేశాల్లో పెడతారు. సానియా వాటిలో మొత్తం ఆరుసార్లు గెలిచింది. 2015 ఏప్రిల్‌లో జంట ఆటలో ప్రపంచంలోనే మొదటి స్థానం సాధించింది. అంతకు ముందు ఏ భారత మహిళా అంత దూరం పోలేదు.

2018లో కొడుకు పుట్టాడు. అప్పుడు ఆమె బరువు 89 కిలోలకు చేరింది. ఇక ఆట అయిపోయిందనుకుంటారు ఎవరైనా. ఆమె కష్టపడి 63 కిలోలకు దిగింది. 2020 జనవరిలో మళ్లీ పోటీకి వచ్చి గెలిచింది!

2023 జనవరిలో ఆస్ట్రేలియాలో చివరి పెద్ద పోటీ ఆడింది. ఫైనల్లో ఓడిపోయింది. కానీ ఆ ఆటను ఆమె కొడుకు కళ్లారా చూశాడు. ఓడిన తల్లి ఆ మాట చెబుతూ కన్నీళ్లు పెట్టుకుంది.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర సరూర్‌నగర్‌లోనూ స్టేడియం ఉంది. అందరు పిల్లలూ సానియాలు కాకపోవచ్చు. కానీ ఆడితే ఒంటికి బలం, మనసుకు ధైర్యం వస్తాయి. రేపు మీ పిల్ల "అమ్మా, నేనూ ఆడతా" అంటే మీరేమంటారు? సానియా తల్లి ఏమన్నదో గుర్తు తెచ్చుకోండి.