ఇంటి పక్క మట్టి జారకుండా అడ్డుగోడ: సిమెంటు బ్లాకుల ఎంపికలో జాగ్రత్తలు

ఉమ్మడి నల్లగొండ జిల్లా మోత్కూర్ ప్రాంతంలో చాలా ఇండ్లు, పశువుల కొట్టాలు వాలు భూమి మీదే ఉంటాయి. వాలును చదును చేసి ఇల్లు కట్టుకున్నప్పుడు ఒక పక్క మట్టి గట్టు నిలువుగా మిగిలిపోతుంది. దాన్ని ఆపడానికి సిమెంటు బ్లాకులతో అడ్డుగోడ (రిటైనింగ్ వాల్) కడుతున్నారు. మామూలు ప్రహరీ గోడ కట్టినట్టే దీన్నీ కడితే పెద్ద వానకు పక్కకు ఒరిగి కూలుతుంది. గోడ పక్కన పశువులను కట్టేస్తాం, పిల్లలు ఆడుకుంటారు. కాబట్టి పైసలు పెట్టే ముందే ఈ విషయాలు తెలుసుకోవాలి.

గోడ మీద పడే బరువు

ప్రహరీ గోడ తన బరువును తాను మోస్తే చాలు. అడ్డుగోడను వెనక ఉన్న మట్టి ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది. గోడ ఎత్తు రెండింతలైతే ఈ నెట్టుడు నాలుగింతలవుతుంది. వెనక మట్టిలో నీరు నిలిస్తే ఎండు మట్టి కంటే రెండింతలకు పైగా బలంతో నెడుతుంది. ఎండాకాలమంతా బాగున్న గోడ ముసురు వానలకు పడిపోవడానికి ఇదే కారణం. అందుకే గట్టి బ్లాకు ఎంత అవసరమో, నీరు బయటికి పోయే దారీ అంతే అవసరం.

ఏ బ్లాకు తీసుకోవాలి?

1. సాలిడ్ బ్లాకులు: తక్కువ ఎత్తు గోడకు ఇవి మేలు. బరువే వీటి బలం.

2. హాలో (గుల్ల) బ్లాకులు: ఖాళీగా వదిలితే అడ్డుగోడకు పనికిరావు. గుల్లల్లో ఇనుప చువ్వలు నిలబెట్టి, సన్న కంకర కాంక్రీటుతో నింపితే ఎత్తు గోడకు బాగా పనిచేస్తాయి.

3. ఏఏసీ బ్లాకులు: ఇవి తేలికగా ఉంటాయి, నీరు ఎక్కువ పీలుస్తాయి. ఇంటి గోడలకు సరే గాని, మట్టిని ఆపే గోడకు వాడవద్దు.

కొనే ముందు చేసే పరీక్షలు

సిమెంటు బ్లాకులకు భారత ప్రమాణం ఐఎస్ 2185. అందులోని అంశాలను ఇంటి దగ్గరే కొంతవరకు చూసుకోవచ్చు.

• బరువు: సాలిడ్ బ్లాకు ఘనమీటరుకు 1800 కిలోలకు తగ్గకూడదు. అంటే 16×8×8 అంగుళాల ఎండు బ్లాకు ఒక్కోటి సుమారు 30 కిలోలకు తగ్గకుండా తూగాలి.
• నీటి పీల్పు: బాగా ఎండిన బ్లాకును తూచి, 24 గంటలు నీటిలో ముంచి మళ్లీ తూచండి. పెరిగిన బరువు నూటికి 10 పాళ్లు దాటకూడదు. 30 కిలోల బ్లాకు 33 కిలోలు దాటితే తీసుకోవద్దు.
• బలం: సాలిడ్ బ్లాకుల్లో 4, 5 న్యూటన్ల రకాలు ఉన్నాయి. 5 న్యూటన్ల రకమే అడగండి, పరీక్ష కాగితం చూపించమనండి.
• అంచులు: మేకుతో గీస్తే పొడి రాలితే సిమెంటు తక్కువ, క్రషర్ డస్ట్ ఎక్కువ వేశారని అర్థం.
• వయసు: పోసిన తర్వాత కనీసం 14 రోజులు తడిపి, ఆపై నాలుగు వారాలు ఆరబెట్టిన బ్లాకులే కొనాలి. పచ్చి బ్లాకులతో కడితే తర్వాత గోడ పగుళ్లిస్తుంది.

ఎత్తును బట్టి కట్టడం

రెండున్నర అడుగుల వరకు: సాలిడ్ బ్లాకులతో 16 అంగుళాల మందం ఉండాలి. చువ్వలు లేని గోడ అడుగు మందం దాని ఎత్తులో సగానికి తగ్గకూడదన్నది గుర్తుంచుకోండి. 8 అంగుళాల ఒంటి వరస గోడ సరిపోదు.

అంతకు మించితే: చువ్వలు వేసిన హాలో బ్లాకు గోడ కట్టించాలి. కింద పోసే కాంక్రీటు అడుగు మట్టి వైపుకు చొచ్చుకొని ఉండాలి. అప్పుడు దాని మీద పడే మట్టి బరువే గోడను ఒరగకుండా పట్టుకుంటుంది. చువ్వల మందం, దూరం, అడుగు వెడల్పు ఇంజనీరుతోనే వేయించుకోవాలి.

మంచి రాయి దగ్గర్లో దొరికితే రాతి గోడ కూడా మేలైనదే. సిమెంటు లేకుండా పేర్చిన పాత రాతి కట్టలు నిలవడానికి సందుల్లోంచి నీరు కారిపోవడం ఒక కారణం.

నీరు పోయే దారి

• గోడ వెనక అడుగు వెడల్పున 40 ఎంఎం కంకర నింపాలి. దాని వెనక మొరం వేసి పొరలు పొరలుగా దిమ్మిస చేయాలి. రేగడి మన్ను నింపవద్దు. అది తడిస్తే ఉబ్బి గోడను నెడుతుంది.
• నేలకు కొంచెం పైన, ప్రతి 4-5 అడుగులకు ఒక 3 అంగుళాల పీవీసీ పైపు ముందుకు వాలుగా పెట్టాలి. మట్టి రాకుండా లోపలి కొనకు సన్న జాలి కట్టాలి.
• గోడ పైభాగాన పెంట కుప్ప, కుడితి గోలెం, బోరు తొట్టి పెట్టవద్దు. వాటి తడి ఏడాదంతా మట్టిలోకి దిగుతుంది. వాన నీరు పక్కకు పోయేలా పైన చిన్న కాలువ తీయాలి.

మేస్త్రీకి చెప్పవలసినవి

పునాది గట్టి మొరం తగిలేదాకా తవ్వాలి. పోసిన మట్టి మీద కట్టకూడదు. మాలు 1:4 పాళ్లలో కలపాలి. వాగు ఇసుకలో ఒండ్రు ఎంతుందో సీసాలో నీళ్లు పోసి కలిపి, మూడు గంటలు కదపకుండా ఉంచి చూడండి. ఇసుక మీద పేరిన ఒండ్రు నూటికి 8 పాళ్లు దాటితే ఇసుకను కడిగి వాడాలి. మట్టి ఇటుకల్లా సిమెంటు బ్లాకులను నీళ్లలో నానబెట్టవద్దు. ఎండ ఎక్కువుంటే పైపైన చిలకరిస్తే చాలు. గోడ కట్టగానే వెనక మట్టి నింపవద్దు. కనీసం రెండు వారాలు తడిపి ఆగాలి.

కట్టిన తర్వాత ప్రతి వానాకాలం ముందు పైపుల నోళ్లు శుభ్రం చేయండి. పెద్ద వానకు పైపుల్లోంచి నీరు కారుతుంటే గోడ బాగున్నట్టు. నీరు రాకుండా గోడ ఉబ్బినట్టు గాని, ముందుకు వంగినట్టు గాని కనిపిస్తే పశువులను, పిల్లలను అక్కడి నుంచి దూరం పెట్టి, వెంటనే ఇంజనీరుకు చూపించండి.