5.4 బడి పాట నుంచి ఊరి బృందగానానికి

సంగీతం నేర్చుకునే అవకాశం ఎక్కువగా ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలకే దక్కుతుంది. బడి మాత్రం అందరిదీ. అందువల్ల ఊరిలో గాని, పేటలో గాని బాలల బృందగానాన్ని ప్రారంభించదలచినవారు ముందుగా బడికి వెళ్లాలి. "బాగా పాడేవారు చేతులెత్తండి" అని అడిగితే, అప్పటికే నేర్చుకుంటున్న నలుగురే ముందుకు వస్తారు. తరగతి మొత్తం చేత పాడించినప్పుడే తక్కినవారి గొంతులు మనకు వినిపిస్తాయి.

చిత్తూరులో జన్మించిన స్వరకర్త ఎం.బి. శ్రీనివాసన్ (1925–1988) ఈ రంగంలో మార్గదర్శి. 1971లో మద్రాస్ యూత్ కాయిర్‌ను స్థాపించిన ఆయన, పిల్లలకు వివిధ భారతీయ భాషల పాటలను సామూహికంగా పాడటం నేర్పారు.

5.4.1 బడిలో చేయవలసిన పని

ప్రధానోపాధ్యాయుల అనుమతితో వారానికి ఒక పీరియడ్ చొప్పున ఐదారు వారాలు తీసుకోండి. బుర్రకథలో వంతలు అందుకున్నట్లే, మీరు ఒక పంక్తి పాడితే పిల్లలు తిరిగి పాడాలి. కాగితం అవసరం లేదు కనుక చదువులో వెనుకబడినవారు కూడా అందుకోగలరు.

శ్రుతి విషయంలో జాగ్రత్త అవసరం. ఉపాధ్యాయుడు తన మగ గొంతుకు అనువైన శ్రుతిలో పాడిస్తే, అది పిల్లలకు మరీ కిందికి పోతుంది. వారు పాడలేక గొణుగుతారు. లోపం పిల్లలది కాదు. శ్రుతిని వారి గొంతుకు తగినట్లు పెంచాలి.

శ్రుతి కలవని పిల్లలతో "నువ్వు పెదవులు కదిపితే చాలు" అనకూడదు. నా తొలి రోజుల్లో ఒక బాలికతో ఈ మాట అన్నాను. మరుసటి వారం నుంచి ఆమె పెదవులు కూడా కదపలేదు. అలాంటివారిని స్థిరంగా పాడే ఇద్దరి మధ్య నిలబెట్టండి. చెవి కుదిరే కొద్దీ గొంతు కుదురుతుంది.

5.4.2 బడి నుంచి ఊరికి

చివరి వారం తల్లిదండ్రులను పిలిచి, వారి ముందు తరగతి అంతటి చేత పాడించండి. బృందగానం ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో అక్కడే చెప్పండి. గ్రంథాలయమైనా, పంచాయతీ కార్యాలయమైనా పిల్లలు నడిచి రాగల చోటు కావాలి. చీకటి పడేలోగా ముగియాలి. ప్రవేశ పరీక్ష, రుసుము ఉండరాదు.

అందరూ ఒకే స్వరంలో కలిసి పాడటం అలవడిన తరువాత రెండు జట్లు చేయండి. ఒక జట్టు ఆధార షడ్జమాన్ని నిలుపుతుంటే, రెండో జట్టు పాట పాడుతుంది. పక్కవారిని వింటూనే తన స్వరాన్ని నిలుపుకోవడం పిల్లలు ఇక్కడ నేర్చుకుంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బృందగానానికి పిల్లలను ముందుగానే ఎంపిక చేయడం వల్ల కలిగే నష్టమేమిటి?
2. మీకు దగ్గరలోని బడిలో మొదటి పీరియడ్‌ను ఎలా నిర్వహిస్తారో పది వాక్యాల్లో రాయండి.