బోరు చేసిన ఇంజన్ మొరాయిస్తే

ఇంజన్ దించి, సిలిండర్లు బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి మళ్లీ బండిలో కూర్చోబెట్టాక తలెత్తే లోపాల్లో చాలావరకు ఇంజన్ లోపలివి కావు. దించేటప్పుడు ఊడదీసి, ఎక్కించాక తిరిగి తగిలించిన వాటి దగ్గరే అవి పుడతాయి. వైర్లు, డీజిల్ పైపులు, నీళ్ల హోసులు, గాలి గొట్టాలు, క్లచ్ ఈ కోవలోవి. అందుకే స్టార్ట్ కాని ఇంజన్‌నో, పొగ కక్కే ఇంజన్‌నో వెంటనే మళ్లీ దించబోవడం తొందరపాటు. ముందు బయట చూసి, తర్వాత లోపలికి పోవాలి. పైసా ఖర్చు లేని పరీక్షలన్నీ అయ్యాకే ఖర్చయ్యే వాటి జోలికి వెళ్లాలి.

మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్, గోదావరిఖని వంటి బొగ్గు ఊళ్లలో ఈ సంగతి తెలిసి ఉండటం మరీ అవసరం. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులున్న ఈ పట్టీలో బొగ్గు టిప్పర్లు, మట్టి లారీలు, ఆటోలు దుమ్ములోనే తిరుగుతాయి. ఎండాకాలం ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మామూలు రోడ్ల మీద తిరిగే బండికన్నా ఇక్కడి బండి ముందే బోరుకొస్తుంది. బోరు చేశాక జరిగిన చిన్న పొరపాటు కూడా ఇక్కడ త్వరగా బయటపడుతుంది.

తాళం తిప్పితే సెల్ఫ్ ముక్కుతూ తిరగడం, లేదా టక్కుమని ఆగిపోవడం మొదట ఎదురయ్యే ఇబ్బంది. కొత్త రింగుల బిగువు వల్ల ఇంజన్ కాస్త బరువుగా తిరగడం సహజమే. అయినా ముందు అనుమానించాల్సింది ఎర్త్ పట్టీని. ఇంజన్‌ను ఛాసిస్‌తో కలిపే ఈ పట్టీని మళ్లీ బిగించడం మరిచిపోయినా, రంగు వేసిన చోట బిగించినా సెల్ఫ్‌కు కావాల్సిన కరెంటుకు దారి ఉండదు. అప్పుడు ఆ కరెంటు ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే యాక్సిలరేటర్ కేబుల్ గుండానో, క్లచ్ కేబుల్ గుండానో వెనక్కి పోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు కేబుల్ వేడెక్కి పొగ వస్తే కారణం ఇదేనని దాదాపు తేల్చేయవచ్చు. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ నుంచి ఒక మందపాటి జంపర్ వైరును నేరుగా ఇంజన్ బ్లాకుకు తగిలిస్తే నిమిషంలో రుజువవుతుంది. అది కూడా కాదనుకుంటే ఇంజన్‌ను చేత్తో, క్రాంకు నట్టుకు పానా పెట్టి తిప్పి చూడాలి. రెండు పూర్తి చుట్లు ఎక్కడా పట్టకుండా తిరిగితే లోపల భయం లేదు. ఒకే చోట గట్టిగా ఆగితే వాల్వు పిస్టన్‌కు తగులుతోందేమో, బేరింగు క్యాపులు తారుమారయ్యాయేమో చూడాలి. అలాంటప్పుడు సెల్ఫ్‌తో బలవంతంగా తిప్పితే వాల్వు వంగుతుంది.

సెల్ఫ్ బాగానే తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే డీజిల్ లైనులో గాలి చేరిందని అర్థం చేసుకోవచ్చు. పాత రకం పంపు ఉన్న లారీలో ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ నిండుగా వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టాలి. తర్వాత నాజిళ్ల దగ్గర పైపు నట్లు కొద్దిగా వదులు చేసి, సెల్ఫ్ తిప్పుతూ అక్కడి గాలినీ పోనివ్వాలి. సెల్ఫ్‌ను పది, పదిహేను సెకన్లకు మించి ఒక్కసారిగా తిప్పకూడదు.

కామన్ రైల్ ఇంజన్ల విషయంలో మాత్రం పైపు నట్లు వదులు చేసే ఈ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పైపుల్లో డీజిల్ పీడనం 1,500 బార్లు దాటుతుంది. ఇంజన్ నడుస్తుండగా నట్టు వదులు చేస్తే కంటికి కనపడనంత సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా అది ఆపరేషన్ దాకా తీసుకెళ్లే గాయం. ఈ బండ్లలో ఫిల్టరు దాకానే గాలి తీయాలి, ఆ పైన ముట్టుకోకూడదు.

గాలి పోయినా ఇంజన్ లేవకపోతే టైమింగ్ చూడాలి. ఆరు సిలిండర్ల లారీ ఇంజన్లలో సాధారణంగా ఉండే మంట వరుస 1-5-3-6-2-4, నాలుగు సిలిండర్ల వాటిలో ఎక్కువగా 1-3-4-2. నాజిల్ పైపులు తారుమారైనా, పంపు ఒక పన్ను అటూ ఇటూ కూర్చున్నా తెల్లపొగతో దగ్గుతుందే తప్ప నిలకడగా నడవదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మకానికి వచ్చిన బీఎస్-6 బండ్లలో ముందుగా క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్ కనెక్టర్లను చూడాలి. ఇంజన్ దించేటప్పుడు విరిగిన చిన్న ప్లాస్టిక్ క్లిప్పు, ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య నలిగిన ఒక్క వైరు చాలు, కంప్యూటర్ డీజిల్ ఇవ్వదు. అక్కడ స్పానర్ కన్నా స్కానర్ ముందు పని చేయాలి.

ఇంజన్ లేచిన తర్వాతి మొదటి పది సెకన్లకు మించిన పరీక్ష ఇంకొకటి లేదు. ఆ లోపు ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవాలి, లైటు ఆరిపోవాలి. లేకపోతే వెంటనే ఆపేయాలి. ఎండిన బేరింగు చెడిపోవడానికి ఎంతోసేపు అక్కర్లేదు. అందుకే మంచి మెకానిక్ డీజిల్ ఆపి, ముందు సెల్ఫ్‌తోనే తిప్పి ముల్లు కదిలిందని చూశాకే స్టార్ట్ చేస్తాడు. టర్బో ఉంటే దాని ఆయిల్ పైపులో కాస్త ఆయిల్ పోసి, మొదటి కొన్ని నిమిషాలు రేస్ ఇవ్వడు. ప్రెషర్ రాకపోతే ముందు గేజి, సెన్సర్ వైరు నిజం చెబుతున్నాయో లేదో వేరే గేజి బిగించి చూడాలి. గేజి సరైనదే అయితే ఆయిల్ ఛాంబరు దించాలి. ఆయిల్ పంపు పొడిగా ఉండిపోవడం, పీల్చే పైపు జాయింటులో గాలి లాగడం, రిలీఫ్ వాల్వులో ఇనుప రజను ఇరుక్కోవడం, జల్లెడకు తుడిచిన గుడ్డపీలిక చుట్టుకోవడం, బ్లాకులోని ఆయిల్ దారి బిరడా మరిచిపోవడం తరచూ దొరికే కారణాలు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ప్రెషర్ పడిపోతే కథ వేరు. క్రాంకు గ్రైండింగు ఒక సైజుకు, బేరింగులు మరో సైజుకు పడి ఉండవచ్చు.

ఇక పొగ. దాని రంగే సగం రోగం చెబుతుంది. చల్లటి ఇంజన్ కాసేపు తెల్లగా వదలడం మామూలే. వేడెక్కాక కూడా వస్తే టైమింగు ఆలస్యమో, ఒక సిలిండరులో కంప్రెషన్ తక్కువో, హెడ్ గ్యాస్కెట్ దగ్గర నీళ్లు దిగుతున్నాయో తేల్చాలి. నల్లపొగతో పాటు బండి లాగకపోతే గాలి చాలడం లేదు. టర్బోకూ ఇంటర్‌కూలర్‌కూ నడుమ హోసు క్లిప్పు వదులుగా ఉందేమో చెయ్యి పెట్టి, చెవి పెట్టి చూడాలి. రేస్ ఇచ్చినప్పుడు బుస్సుమనే శబ్దం దాన్ని పట్టిస్తుంది.

నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. “కొత్త రింగులు, కొన్నాళ్లు పొగ ఉంటది” అని షెడ్డులో చెప్పే మాట అబద్ధం కాదు, కానీ దానికి హద్దుంది. హోనింగు చేసిన సిలిండరు గోడ మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలుంటాయి. రింగులు ఆ గీతల మొనల్ని అరగదీసుకుంటూ గోడకు సరిపడా కూర్చుంటాయి. వాటిని గోడకు అదిమేది మండే వాయువు పీడనం. ఆ పీడనం రావాలంటే ఇంజన్ మీద కొంత లోడు పడాలి. బోరు చేసిన బండిని గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలేయడం, వారాల తరబడి ఖాళీగా తిప్పడం జాగ్రత్తలా కనిపించే తప్పులు. అప్పుడు గోడ మీద ఆయిల్ కాలి నునుపైన పొర కడుతుంది. ఆ తర్వాత రింగులు కూర్చోవు, పొగ తగ్గదు, మళ్లీ హోనింగు చేయక తప్పదు. సగం లోడుతో, స్పీడు మారుస్తూ, పెద్ద గేరులో ఈడ్పించకుండా నడపడమే మేలు. రెండు మూడు వేల కిలోమీటర్లు దాటినా నీలిపొగ తగ్గకపోతే బ్రీదర్ గొట్టం చూడాలి. అక్కడ పొగ ఊపిరాడనట్టు కొడుతుంటే రింగుల లోపమే. బ్రీదర్ శుభ్రంగా ఉంటే వాల్వు సీళ్లు, టర్బో మీద అనుమానం పడాలి.

బొగ్గు పట్టీలో దీనికి మరో కారణం కూడా కలుస్తుంది, అది దుమ్ము. బొగ్గు పొడి మెత్తనిదే. బొగ్గు మీద తవ్వి పోసే మట్టి, ఇసుకరాయి అలా కాదు. గోదావరి లోయలో బొగ్గు పొరల నడుమ ఉన్న బరాకర్ ఇసుకరాయిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి. అవి సిలిండరు పోత ఇనుము కన్నా గట్టివి. ఎయిర్ ఫిల్టరు హోసుకు ఒక్క సన్నని పగులున్నా, క్లిప్పు ఒక మర వదులుగా ఉన్నా ఆ రేణువులు కొత్త రింగుల్ని కొద్దికాలంలోనే పాతవి చేస్తాయి. ఫిల్టరు తర్వాతి గొట్టం లోపలి గోడను తెల్లటి గుడ్డతో తుడిచి చూస్తే చాలు. గుడ్డకు మట్టి అంటితే లోపలికి పోతోందన్నమాటే. గనుల్లో తిరిగే 60, 100 టన్నుల డంపర్ల వంటి పెద్ద యంత్రాల ఇంజన్లకు ఇదే తనిఖీని ఆయిల్ నమూనా పరీక్షతో చేస్తారు. నమూనాలో సిలికాన్, ఇనుము రెండూ కలిసి పెరిగితే దుమ్ము చేరి గోడలను అరగదీస్తోందని అర్థం.

వేడెక్కడం మరో పెద్ద ఫిర్యాదు. నీళ్లు పోసేటప్పుడు హెడ్డులో చిక్కుకున్న గాలి దీనికి తొలి కారణం. హీటరు పైపు లేదా పైన ఉన్న బ్లీడింగ్ బోల్టు వదులు చేసి, ఇంజన్ నడుపుతూ మెల్లగా నింపితే పోతుంది. ఫ్యాన్ తిరగేసి బిగించినా, బెల్టు వదులైనా ఇదే గతి. రేడియేటరులో బుడగలు ఎంతకీ ఆగకపోతే మాత్రం హెడ్ గ్యాస్కెట్ దాటి కంప్రెషన్ నీళ్లలోకి వస్తోంది. హెడ్ బోల్టులు నడిమధ్య నుంచి చివరలకు, విడతలుగా, టార్క్ పానాతోనే బిగించారో లేదో అడగాలి. డిప్‌స్టిక్కు మీది ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. ఆయిల్ లెవెల్ పెరిగి డీజిల్ వాసన వచ్చినా అంతే. వేడి తగ్గుతుందని థర్మోస్టాట్ తీసి పారేసే అలవాటు ఇక్కడ బాగా ఉంది. అది మంచిది కాదు. ఇంజన్ తగినంత వేడెక్కకపోతే రింగులూ కూర్చోవు, ఆయిల్‌లోని తేమా ఆవిరి కాదు.

క్లచ్ తొక్కితేనే వచ్చే శబ్దం ఇంజన్‌ది కాదు, రిలీజ్ బేరింగుది. గేరు పడకపోతే క్లచ్ ప్లేటు తిరగబడిందేమో చూడాలి. మౌంటింగు బోల్టు వదులైతే ఇంజనంతా ఊగుతుంది.

మొదటి 500 నుంచి 1,000 కిలోమీటర్లలో ఆయిలూ ఫిల్టరూ మార్చి, ట్యాపెట్లు మళ్లీ సరిచూడాలి. తీసిన ఫిల్టరును కోసి, దాని మడతల్లో మెరిసే రజను ఎంత ఉందో బండి యజమాని కళ్లారా చూడటం మంచిది. కొంచెం సన్నని రజను మామూలే, పొరలుగా ఊడిన ముక్కలుంటే లోపం బేరింగుదే. అలాగే షెడ్డు నుంచి బండి తీసుకునే రోజే బిల్లు మీద పిస్టన్ ఓవర్‌సైజు 0.25 మిల్లీమీటర్లా, 0.50 మిల్లీమీటర్లా, క్రాంకు ఎంత గ్రైండింగు అయింది, ఏ సైజు బేరింగులు పడ్డాయి అన్నది రాయించుకుని భద్రపరచాలి. రేపు ఏ లోపం వచ్చినా, ఏ ఊరి మెకానిక్ చూసినా ముందుగా అడిగేది ఆ కాగితమే.