యాంటీబయాటిక్ నిరోధక బాక్టీరియా నిర్ధారణ

యాంటీబయాటిక్ నిరోధక బాక్టీరియా నిర్ధారణ అనగా రోగి నుండి సేకరించిన మూత్రం, రక్తం, చీము, కఫం వంటి నమూనాలలోని బాక్టీరియాను ప్రయోగశాలలో పెంచి, అది ఏ మందుకు లొంగుతుందో, ఏ మందుకు లొంగదో తేల్చే పరీక్షా విధానం. వాడుకలో దీనిని కల్చర్ పరీక్ష అంటారు. నమూనా సేకరణలోను, రవాణాలోను జరిగే పొరపాట్ల వలన ఈ పరీక్ష తప్పు ఫలితం ఇచ్చే అవకాశం ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు వంటి జిల్లా కేంద్రానికి దూరమైన పట్టణాలలో ఈ విషయం మరింత ముఖ్యమైనది.

నిరోధకత అంటే ఏమిటి?

"నా ఒంటికి ఈ మందు అలవాటు పడిపోయింది" అని కొందరు అంటూ ఉంటారు. ఇది సరికాదు. నిరోధకత ఏర్పడేది మనిషి శరీరానికి కాదు, బాక్టీరియాకు. కొన్ని బాక్టీరియాలు మందును విచ్ఛిన్నం చేసే ఎంజైములను తయారుచేస్తాయి. కొన్ని మందును కణం నుండి బయటకు నెట్టివేస్తాయి. మరికొన్ని మందు పనిచేసే స్థానాన్నే మార్చుకుంటాయి. ఈ లక్షణాలు ఒక బాక్టీరియా నుండి మరొక దానికి సంక్రమించగలవు.

పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, చాలినంత మోతాదులో వాడకపోతే సూక్ష్మజీవులు ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయని 1945 నాటి తన నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నేతృత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో ప్రకటించబడిన ఈ మందు టెట్రాసైక్లిన్ తరగతిలో మొదటిది. 1950 దశకంలోనే జపానులో ఈ తరగతి మందులకు లొంగని జిగట విరేచనాల బాక్టీరియా బయటపడింది.

నమూనా సేకరణ

యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే నమూనా తీసుకొనవలెను. రోగి అప్పటికే ఎక్కడైనా రెండు మూడు మాత్రలు మింగి వస్తే, బాక్టీరియా ప్రయోగశాలలో పెరగకపోవచ్చు. అప్పుడు నివేదికలో "పెరుగుదల లేదు" అని వస్తుంది. దాని అర్థం రోగం లేదని కాదు. అందువలన రోగి తాను ముందుగా వాడిన మందుల పేర్లను దాచకుండా వైద్యునికి చెప్పవలెను.

మూత్రాన్ని మొదటి ధార వదలి, మధ్య ధారను శుభ్రమైన సీసాలో పట్టవలెను. దానిని రెండు గంటల లోపు పరీక్షకు పెట్టవలెను, లేదా శీతలపెట్టెలో ఉంచవలెను. శీతలపెట్టెలో ఉంచినా 24 గంటలు మించరాదు. రక్తపు కల్చర్ సీసాలను మాత్రం చల్లబరచరాదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో దూరం సమస్య

కర్నూలు వైద్య కళాశాల 1957లో ఏర్పడింది. దీని బోధనాసుపత్రి కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల. రోడ్డు మార్గాన కర్నూలుకు ఎమ్మిగనూరు సుమారు 67 కిలోమీటర్లు, ఆదోని సుమారు 100 కిలోమీటర్లు. ఆదోనిలో తీసిన నమూనాను కర్నూలుకు పంపితే ప్రయాణానికే రెండు గంటలకు పైగా పడుతుంది.

ఈ ఆలస్యం ఫలితాన్ని ఎలా మారుస్తుందో ఒక చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చు. మూత్రంలో సాధారణంగా కనిపించే ఇ.కోలై బాక్టీరియా అనుకూల పరిస్థితులలో 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతుంది. రెండు గంటలలో ఆరుసార్లు రెట్టింపై 64 రెట్లు అవుతుంది. ఒక మిల్లీలీటరు మూత్రంలో 2,000 ఉన్న బాక్టీరియా అప్పటికి 1,28,000 అవుతాయి. సాధారణంగా మిల్లీలీటరుకు ఒక లక్ష దాటితే మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉన్నట్లు భావిస్తారు. అంటే మంచు లేకుండా ఎండలో ప్రయాణం చేసిన సీసా, లేని రోగాన్ని ఉన్నట్లు చూపించగలదు. ఆ రోగి అవసరం లేని యాంటీబయాటిక్ వాడవలసి వస్తుంది. మంచుగడ్డలు వేసిన చిన్న పెట్టెతో ఈ పొరపాటును నివారించవచ్చు.

బిళ్ళల పద్ధతి

మొదటి రోజు నమూనాను పోషక పదార్థం గల పళ్ళెంలో పూసి రాత్రంతా 35 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు. రెండవ రోజు పెరిగిన బాక్టీరియాను గుర్తించి, నిర్ణీత సాంద్రతలో ముల్లర్-హింటన్ అగార్ పళ్ళెంపై పరచి, దానిపై వేర్వేరు యాంటీబయాటిక్‌లు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలను పెడతారు. మందు చుట్టూ వ్యాపిస్తుంది. లొంగే బాక్టీరియా బిళ్ళ చుట్టూ పెరగక ఖాళీ వలయం ఏర్పడుతుంది. మూడవ రోజు ఆ వలయపు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి ప్రామాణిక పట్టికతో పోలుస్తారు. 1966లో ప్రచురితమైన ఈ పద్ధతిని కిర్బీ-బాయర్ పద్ధతి అంటారు.

పెద్ద వలయం ఉన్న మందే మేలైనదని అనుకోరాదు. ఒక్కొక్క మందు అగార్‌లో ఒక్కొక్క వేగంతో వ్యాపిస్తుంది కనుక ప్రతి మందుకు వేరే కొలత ఉంటుంది.

ప్రత్యేక పరీక్షలు

* మెథిసిలిన్ నిరోధక స్టాఫిలోకాకస్ ఆరియస్: 1961లో బ్రిటనులో మొదట గుర్తించబడింది. 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ బిళ్ళ చుట్టూ వలయం 21 మిల్లీమీటర్లు లేదా అంతకంటె తక్కువ ఉంటే నిరోధకత ఉన్నట్లు.
* విస్తృత బీటా-లాక్టమేజ్ ఎంజైము: సెఫ్టాజిడిమ్ బిళ్ళకు క్లావులానిక్ ఆమ్లం చేర్చినపుడు వలయం 5 మిల్లీమీటర్లు లేదా అంతకంటె ఎక్కువ పెరిగితే ఈ ఎంజైము ఉన్నట్లు.
* కార్బాపెనిమేజ్ ఎంజైము: మెరోపెనెమ్ బిళ్ళను బాక్టీరియా ద్రవంలో నాలుగు గంటలు ఉంచి, ఆ మందు శక్తి కోల్పోయిందా అని పరీక్షిస్తారు.
* కొలిస్టిన్: ఇది అగార్‌లో సరిగా వ్యాపించదు కనుక బిళ్ళల పద్ధతి పనికిరాదు. మందును ద్రవంలో అంచెలంచెలుగా పలుచన చేసి పరీక్షించవలెను.

నివేదిక ప్రయోజనం

నివేదికలో ఎస్ అనే అక్షరం మందుకు లొంగునని, ఆర్ అనే అక్షరం లొంగదని తెలుపుతుంది. నివేదికకు రెండు మూడు రోజులు పడుతుంది కనుక ప్రాణాపాయ స్థితిలో వైద్యుడు నమూనా తీసిన వెంటనే అంచనాతో మందు మొదలుపెడతాడు. నివేదిక వచ్చిన తరువాత దానికి తగినట్లు మందును మార్చవలెను. దూరప్రాంతాల రోగులు నివేదిక తీసుకొనకుండానే ఇంటికి వెళితే పరీక్ష చేసిన ప్రయోజనం దక్కదు.

2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు బాక్టీరియా నిరోధకత ప్రత్యక్ష కారణమని 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. భారతదేశంలో 2014 మార్చి 1 నుండి అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం, దానిలో చేర్చిన యాంటీబయాటిక్‌లను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అమ్మిన వివరాలను దుకాణదారు ప్రత్యేక పుస్తకంలో నమోదు చేయవలెను.